నలభై చింతగింజల లెక్క

పద్నాలుగేళ్లు నేను చేసిన ఉద్యోగం ఆటలను చెడగొట్టడం. ఫోనులో ఆడే ఆటలు. ఒక ఆట తయారై జనంలోకి వెళ్లేముందు దాన్ని ఎన్ని రకాలుగా పాడుచేయవచ్చో అన్ని రకాలుగా పాడుచేసి, ఎక్కడ ఎలా పాడయిందో రాసిపెట్టాలి. దీన్ని టెస్టింగ్ అంటారు. మా చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ నేను ఏసీలో కూర్చుని ఆటలాడి జీతం తీసుకున్నాననే అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

ఆ పనిలోకి కొత్తగా వెళ్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కౌకూర్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపి, "అక్కా, గేమింగ్ కంపెనీల జాబ్ మంచిగుంటదా?" అని అడిగేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదది. నా ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. రెండే వచ్చాయి, రెండిటికీ కుర్చీ కూడా మారలేదు. ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు నాది. దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టబోయారు. పెట్టనివ్వలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను తల ఎత్తుకుని చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఖాళీ గుంట

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. స్టూడియోకు రాకముందు మేడ్చల్‌లో ఒక మాత్రల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ప్యాకింగ్ చేశాను. మా లైనులో ఇరవై ఇద్దరం ఆడవాళ్లం. స్ట్రిప్పులు వస్తూ ఉంటాయి, పెట్టెల్లో సర్ది పంపాలి. రోజుకు మూడుసార్లు సుదర్శన్ రావు గారనే ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఒక్కో గుట్టలోంచి కొన్ని స్ట్రిప్పులు లాగి, వెలుతురుకు అడ్డంగా పెట్టి చూసి, ఏదో రాసుకుని వెళ్లేవారు. ఆయన వెతికేది ఖాళీ గుంట. మాత్ర పడకుండానే రేకు అతుక్కుపోయిన గుంట అన్నమాట.

"సార్, అన్నీ సూడకుండ గా నాలుగు సూస్తె ఏం తెలుస్తది?" అని ఒకరోజు అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. "అన్నీ చూడలేమమ్మా. ఎన్ని చూస్తే సరిపోతుందో తెలుసుకోవడమే నా ఉద్యోగం," అన్నారు. మర్నాడు అట్ట ఊడిపోయిన ఒక లెక్కల పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఇంగ్లిషు పుస్తకం. బొల్లారం నుంచి మేడ్చల్ వెళ్లే బస్సులో రెండేళ్లు చదివాను. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అంకెలు మాత్రం అర్థమయ్యేవి. గుట్టలో ఇన్ని చూస్తే, అందులో ఇన్ని చెడ్డవి ఉంటే, మొత్తంలో ఎన్ని ఉండవచ్చు? ఎన్నింటి వరకు ఫరవాలేదు? ఎక్కడ దాటితే గుట్ట మొత్తం వెనక్కి పంపాలి? ఆ పుస్తకం నాకు రెండో బడి.

ఆ తర్వాత ప్యాకింగ్‌కు యంత్రం వచ్చింది. ఒక సోమవారం గేటు దగ్గరే సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడి, "మిషిన్ వచ్చింది గద, ఇగ రేపట్నుంచి మీరు రాకుర్రి," అన్నాడు. ఇరవై ఇద్దరిలో ఒక్కరం కూడా ఎందుకని అడగలేదు. టిఫిన్ గిన్నెలు సర్దుకుని బస్సెక్కాం. పని పోయిన బాధ కొన్నాళ్లకు తగ్గింది. మేం నోరు తెరవలేదన్న సంగతి మాత్రం నన్ను చాలాకాలం పొడుస్తూనే ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో స్టూడియోకు వెళ్లాను. మేడ్చల్ రోడ్డు మీద టైల్స్ దుకాణం పైన రెండు అంతస్తులు వాళ్లవి. పేరు రాయను, అవసరం లేదు. యజమాని కార్తీక్ అప్పటికి ఇంకా కుర్రవాడే. నా చేతికి ఫోను ఇచ్చి, గంటసేపు ఈ ఆట ఆడి ఎలా ఉందో చెప్పమన్నాడు. నేను ఆడి చెప్పాను: "పదిహేడు సార్లు సచ్చిన. అండ్ల పదకొండు సార్లు ఒక్కతాన్నే సచ్చిన. తప్పు నాది కాదు, గా జాగది." అతను నవ్వి, ఆ చోటు తెరిచి చూశాడు. ఒక గోడ కంటికి కనబడకుండా నిలబడి ఉంది. మర్నాటి నుంచి రమ్మన్నాడు.

మంచి యజమాని. ఇప్పటికీ ఆ మాటే అంటాను. మంచివాడు భయపడితే ఏం చేస్తాడో కూడా ఆయన దగ్గరే చూశాను.

గోడ మీది పట్టిక

మా స్టూడియో చివరగా చేసిన పెద్ద ఆట చేపలు పట్టే ఆట. ఒక చెరువు, ఒక తెప్ప, ఒక వల. పట్టిన చేపలతో ఇంకో వల కొనాలి, ఇంకో చెరువుకు వెళ్లాలి. నెలల తరబడి ఆడుకునే ఆట.

అప్పటికి నేను టెస్టింగ్ లీడ్‌ని. నా కింద ఆరుగురు. వాళ్లలో యాదగిరి శామీర్‌పేట వైపువాడు. చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు, ఇరవై ఆరేళ్లు. ఆట మొదటి నమూనా తయారైనప్పుడు, మనం కూర్చుని ఊహించుకోవడం ఎందుకని అతనితో కలిసి శామీర్‌పేట చెరువు గట్టుకు వెళ్లి వాళ్ల నాయిన చేతికి ఫోను ఇచ్చాను. ఆయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. చేయి తుడుచుకుని తీసుకుని, చాలాసేపు చూశాడు.

"గీ శాపలేంది బిడ్డా, గిట్ల వరుసగ నిలవడ్డయ్? రేషన్ బియ్యానికొచ్చినయా?"

యాదగిరి తల వంచుకుని నవ్వాడు. నేను నా పుస్తకంలో రాసుకున్నాను. మరుసటి నెలకు మా ఆటలో చేపలు వరుసలు మానేశాయి.

యాదగిరి నిదానస్తుడు. మిగతావాళ్లు నెలకు ఇరవై, ముప్పై బగ్గులు పట్టేవారు. అక్షరం తప్పు, రంగు తప్పు, బొమ్మ పక్కకు జరగడం, అన్నీ బగ్గులే. ఇతను నెలకు మూడు, నాలుగు. నేను లెక్కల మనిషిని కదా, ఎవరెన్ని పట్టారో నెలనెలా ఒక పట్టిక గీసి గోడకు అతికించేదాన్ని. అది నా సొంత ఆలోచన, నాకు అదంటే గొప్ప. యాదగిరి పేరు ఎప్పుడూ అడుగునే.

"ఏం యాదన్నా, ఇయ్యాలన్న ఒక్కటి వడ్డదా?" అని పక్కవాళ్లు ఆటపట్టించేవారు.

"చందమామలు మీరు వట్టుర్రి. నేను కొర్రమట్టకు కూసున్న," అనేవాడు.

చందమామ అంటే బొటనవేలంత చేప. కొర్రమట్ట ఒక్కటి పడితే ఇంటిల్లిపాదికీ కూర. ఆ జవాబులో ఉన్న తెలివి నా పట్టికలో లేదు. నాకది అప్పుడు తట్టలేదు. నేనూ వాళ్లతోపాటు నవ్వాను.

రెండు వందలకు అయిదు

ఎర్లీ యాక్సెస్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. ఆట పూర్తి కాకముందే అమ్మకానికి పెట్టడం. "ఇంకా తయారవుతోంది, కొని ఆడండి, లోపాలు చెప్పండి, దిద్దుతాం" అని ముందే చెప్పి అమ్ముతారు. ఇందులో మోసం లేదు. ఆడేవాళ్లు నిజంగానే ఎన్నో మంచి సంగతులు చెబుతారు. సగం గీసిన బొమ్మల్ని క్షమిస్తారు, లేని చెరువు కోసం ఓపికగా ఎదురుచూస్తారు. కానీ ఒక్కటి మాత్రం క్షమించరు. వాళ్లు ఆడి సంపాదించుకున్నది పోతే క్షమించరు. పైగా ఏ ఆటకైనా జనం మొదటిసారి తిరిగి చూసే రోజు ఒక్కటే ఉంటుంది. ఆ రోజును సగం ఆట మీద ఖర్చుపెట్టేస్తే, పూర్తి ఆటకు మళ్లీ దొరకదు.

మా ఆటనూ ఇలాగే అమ్మకానికి పెట్టారు. ఎప్పుడు పెట్టాలో నిర్ణయించింది ఆట కాదు. పెట్టుబడి పెట్టినవాళ్లకు ఏదో ఒకటి చూపించాలి, అందుకని తేదీ పడింది. ఆ తేదీకి మూడు వారాల ముందు యాదగిరి ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గిది జర చూడు. ఆటలకెళ్లి నేరుగ బైటికొస్తే ఒక్కోసారి సేవ్ అయితలేదు. మొత్తం పోతాంది. మొదటి రోజుకు వోతాంది."

"ఎన్నిసార్లు చూసినవ్?"

"రెండు వందల సార్లు. అయిదు సార్లు వోయింది."

రెండు వందలసార్లు ఆట తెరిచి, చేపలు పట్టి, బయటికొచ్చి, మళ్లీ తెరిచి చూశాడు. దానికే రెండు వారాలు పట్టింది. నేను కాగితం చూశాను. రెండు వందలకు అయిదు. అంటే నలభైకి ఒకటి. నా బుర్రలో పాత ఫ్యాక్టరీ లేచి కూర్చుంది. నలభై స్ట్రిప్పుల్లో ఒకదానికి ఒక ఖాళీ గుంట. నలభైమంది కొంటే ఒకరికి. నా జాబితాలో అప్పటికి అందరికీ, ప్రతిసారీ కనబడే బగ్గులు అరవై పైన ఉన్నాయి.

"అరుదే కదరా. ముందుగాల గివి కానీయ్, తర్వాత చూద్దాం," అన్నాను.

అతను కదల్లేదు. "అక్కా, మా నాయిన పొద్దంత శాపలు వట్టి గంపలేస్తడు. ఇంటికొచ్చి చూస్తే గంప ఖాళీ ఉంటే ఎట్లుంటది?"

"రెండు వందలకు అయిదే గద."

"గా అయిదు గంపలు ఎవలియి మరి?"

రికార్డులో ఆ బగ్గు ఎదురుగా "అరుదు, విడుదల తర్వాత" అని నా పేరుతో రాసి మూసేశాను; మూసిన బగ్గు దిద్దేవాళ్ల దాకా పోదు. కార్తీక్‌కు నేను పంపిన చివరి జాబితాలో అది లేదు.

విడుదలైంది. మొదటి వారం ఆఫీసంతా పండగ. అందరూ రివ్యూలు పైకి చదువుకున్నారు. ఎవరో యాదగిరి వాళ్ల నాయిన ఫోటో గోడకు పెట్టి దండ వేయబోతే, "అరే, ఇంకా బతికే ఉన్నడు రా!" అని యాదగిరి లాక్కున్నాడు. తొమ్మిదో రోజు, పదో రోజు వచ్చేసరికి రివ్యూలు మారిపోయాయి. అన్నిటిలో ఒకటే మాట: నా చేపలేవి? నా తెప్ప ఏది? వారమంతా ఆడాను, అంతా పోయింది. ఆట వెనక్కి ఇచ్చేస్తున్నాం, డబ్బు తిరిగి ఇవ్వండి.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని లెక్క వేశాను. విడుదలకు మూడు వారాల ముందే వేయవలసిన లెక్క. స్ట్రిప్పు కొన్న మనిషి ఒక్క స్ట్రిప్పే కొంటాడు. మా ఆట ఆడే మనిషి రోజుకు నాలుగుసార్లయినా తెరిచి మూస్తాడు. పది రోజులకు నలభైసార్లు. ప్రతిసారీ అదే నలభైలో ఒకటి అతని నెత్తి మీద ఉంటుంది. కాగితం మీద వరుసగా గుణించుకుంటూ పోయాను. పది రోజులు ఆడిన వందమందిలో ఏమీ పోగొట్టుకోకుండా మిగిలేవాళ్లు ముప్పై ఆరుగురు. మిగతా అరవై నలుగురి గంపలూ కనీసం ఒక్కసారైనా ఖాళీ అవుతాయి.

దిగవలసిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను. తిరిగి నడుచుకుంటూ వచ్చాను.

బగ్గును రెండు రోజుల్లో సరిచేశారు. పోయిన చేపల్ని ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. ఇంకో సంగతి కూడా దాచను. మూసింది నేనే అని నేను ఆ మర్నాడు చెప్పలేదు. ఆ వారంలోనూ చెప్పలేదు. సేవ్ పరీక్షలు యాదగిరివి కాబట్టి అతనే వదిలేశాడన్న మాట ఆఫీసులో పాకింది, అతను నా పేరు ఎత్తలేదు. ఆట చక్కబడనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. "తర్వాత" అన్న మాట ఆ నెలలో రెండోసారి వాడాను.

ఒక్క వాక్యం

పెట్టుబడి పెట్టినవాళ్ల తరఫున ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, తక్కువ మాట్లాడతాడు. ఆయన వచ్చి వెళ్లిన మూడో రోజు కార్తీక్ నన్ను గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ అక్కా అని పిలిచేవాడు. ఆరోజు "రత్నం గారూ, కూర్చోండి," అన్నాడు. విషయం అప్పుడే అర్థమైంది.

ముప్పై ఒక్కమందిలో పదకొండు మందిని తీసేస్తున్నారు. టెస్టింగ్‌లో ఇద్దరు. ఎవరో ఎలా తేల్చారని అడిగాను. బల్ల మీద ఒక కాగితం తిప్పి పెట్టాడు. గోడ మీది నా పట్టికకు జిరాక్స్ కాపీ. నా చేతి గీతలు, నా అంకెలు. అడుగున ఉన్న రెండు పేర్ల కింద ఎర్ర గీత.

"మీ లెక్కే కదా. మీ లెక్క ఎప్పుడూ తప్పదు," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

పదకొండు మందికి ఇచ్చే కాగితాలు కూడా చూపించి, లీడ్‌గా టెస్టింగ్‌లోని ఆ ఇద్దరి కాగితాల మీద నన్ను సంతకం పెట్టమన్నాడు. పది కాగితాల్లో ఒకటే వాక్యం: సంస్థలో పని తగ్గినందున. యాదగిరి కాగితంలో మాత్రం వేరే వాక్యం ఉంది: ముఖ్యమైన లోపాన్ని గుర్తించడంలో విఫలమైనందున.

ఇది చదివే పిల్లలు ఆ వాక్యం బరువు తెలుసుకోవాలి. ఈ పని చేసే స్టూడియోలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. పాత కాగితం చూడకుండా ఎవరూ తీసుకోరు. సేవ్ పోగొట్టే బగ్గును వదిలేశాడని రాసి ఉన్న టెస్టర్‌ని ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆ వాక్యంతో అయితే అతనికి ఈ వృత్తే పోయేది.

"గా బగ్గు యాదగిరే వట్టిండు," అన్నాను.

కార్తీక్ తలెత్తాడు. "ఏంటి?"

"మూడు వారాల ముందుగాలనే వట్టిండు. రికార్డుల ఉంది. అరుదు అని మూసింది నేను."

లేచి గది తలుపు వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు.

"ఇప్పటిదాక లేదు."

"అయితే వినండి అక్కా." మళ్లీ అక్కనయ్యాను. "వాళ్లకు ఒక కారణం కావాలి, ఒక పేరు కావాలి. అతను ఎలాగూ వెళ్తున్నాడు. మీరుంటే తర్వాతి ఆటైనా నిలబెట్టుకుంటాం. ఇద్దరూ పోతే ఎవరికి లాభం?"

ఆ మాటలో తర్కం లేదని అనను. భయపడిన మంచివాళ్ల మాటల్లో ఎప్పుడూ కాస్త తర్కం ఉంటుంది. మేడ్చల్ గేటు దగ్గర గిన్నెలు సర్దుకున్న ఇరవై ఇద్దరం నాకు గుర్తొచ్చాం.

"సంతకం వెట్ట. రేపు పెట్టుబడోళ్ల సారు మల్లొస్తడు గద, ఒక పావుగంట నాకియ్యి," అని లేచాను.

డబ్బా

మర్నాడు పొద్దున వంటింట్లో చింతపండు డబ్బా పక్కనున్న గింజల్లోంచి నలభై ఏరాను. ఒకదాన్ని గడప బండ మీద తెల్లగా అరగదీశాను. నలభై గింజలూ ఒక స్టీలు డబ్బాలో వేసుకుని ఆఫీసుకు వెళ్లాను.

గదిలో నలుగురం. కార్తీక్, పెట్టుబడిదారుల తరఫు ఆయన, హెచ్.ఆర్. చూసే షీలా, నేను. యాదగిరి బయట తన బల్ల దగ్గర ఉన్నాడు. నేను ముందు రికార్డు చూపించాను. పట్టిన రోజు, పట్టినవాడి పేరు, మూసిన రోజు, మూసిన మనిషి పేరు. ఆయన చదివి, "నలభైలో ఒకటంటే అరుదే కదా. మీరు మూయడం కూడా అంత తప్పేం కాదు," అన్నాడు. దయతోనే అన్నాడు. ఆ దయకు ఒప్పుకుంటే నాకు సరిపోయేది. యాదగిరి వాక్యం మాత్రం అలాగే ఉండేది.

డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను. "సార్, ఇందులో నలభై గింజలున్నయి. ఒక్కటే తెల్లది. కండ్లు మూసి ఒకటి తీయండి. చూసి మళ్లీ అండ్లనే వెయ్యండి, కలపండి, ఇంకోటి తీయండి. నాలుగుసార్లు తీస్తే ఒక రోజు ఆట. తెల్లది వస్తే మీ చేపలన్నీ పోయినట్టు."

"రత్నం గారూ, ఇదేమైనా అష్టాచెమ్మానా?" అన్నాడు కార్తీక్.

"ఆటల కంపెనీ గద బాబూ. ఆడు."

షీలా నవ్వు ఆపుకోలేకపోయింది. కార్తీక్ మొదలుపెట్టాడు. నేను పైకి లెక్కపెట్టాను. పది. ఇరవై. ముప్పై. నల్లదే, నల్లదే, నల్లదే. నలభయ్యోది కూడా నల్లదే వచ్చింది. డబ్బా నా వైపు నెట్టి, "చూశారా? నా చేపలన్నీ నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు.

ఒక్క క్షణం నా లెక్క మీదే నాకు అనుమానం వచ్చింది. కానీ వందలో ముప్పై ఆరుగురు మిగులుతారని నాకు ముందే తెలుసు. వాళ్లలో కార్తీక్ ఒకడు. "సంతోషం. మంచి రివ్యూలు రాసినోళ్లల్ల నువ్వొకనివి," అన్నాను. డబ్బా షీలా ముందు పెట్టాను.

షీలాకు పద్నాలుగో గింజ తెల్లది వచ్చింది. "అయ్యో!" అని చేయి వెనక్కి లాక్కుంది. "నాలుగు రోజులన్న ఆడలే!"

అప్పుడు పెట్టుబడిదారుల తరఫు ఆయన తనే చేయి చాపాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, నిజంగా కళ్లు మూసుకుని తీశాడు. నెమ్మదిగా, ఒక్కొక్కటి. ఇరవై ఏడోది తెల్లది.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. "అంటే ఏడు రోజులు ఆడి, అంతా పోగొట్టుకున్నాను."

"అవును సార్. ఇద్దరు వోయిండ్రు, ఒకరు మిగిలిండ్రు. లెక్క గూడ గట్లనే ఉన్నది, వందకు అరవై నాలుగు. ఇది చూడనిది నేను. రెండు వందలసార్లు ఆడి పట్టినోడు బయట కూసున్నడు. పట్టినోణ్ణి పట్టలేదని రాసిండ్రు. గా వాక్యం తీసేయాలె."

"సంస్థ నిర్ణయాలు..." అని కార్తీక్ మొదలుపెట్టాడు.

"తీసేయండి," అన్నాడు ఆయన, గింజను డబ్బాలో వేస్తూ.

"మరి ఎవరో ఒకరి పేరు..."

"నా పేరు రాయండి," అన్నాను. "మాటలు గూడ నేనే చెప్త."

తర్వాత

యాదగిరి ఉద్యోగం నిలవలేదు. పదకొండు మందీ వెళ్లిపోయారు, పన్నెండోదాన్ని నేను. ఆ రోజు నేను గెలిచానని ఎవరైనా అంటే ఒప్పుకోను. నిలిచింది ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం కోసం కొట్లాడవలసిందే.

నా కాగితం షీలా టైపు చేసింది. నేను పక్కన నిలబడి చెప్పాను: ముఖ్యమైన లోపాన్ని తక్కువ అంచనా వేసి మూసినందున. ఆమె టైపు చేసి చేతులు ఆపింది.

"అక్కా, గిట్ల ఎవలన్న రాయించుకుంటరా? ఆరోగ్యం బాగలేక అని రాస్త."

"నా ఆరోగ్యం మస్తుంది. ఉన్నది రాయి."

వెళ్లేముందు గోడ మీది పట్టిక చింపేశాను. అతుకు గట్టిగా ఉండి గోడ రంగు కూడా కొంచెం లేచి వచ్చింది. బయటికి వస్తుంటే యాదగిరి మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. లోపల జరిగింది షీలా చెప్పేసినట్టుంది. కృతజ్ఞత చెబుతాడేమోనని ఇబ్బందిపడ్డాను. అతను చెప్పలేదు.

"రెండు వారాల సంది నా మీద వడ్డది గద అక్కా. ముందే ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"భయమైంది," అన్నాను.

అతను తలూపాడు. నా టిఫిన్ సంచి తీసుకుని బస్టాపు దాకా వచ్చాడు.

అప్పటికి నాకు యాభై రెండు. మళ్లీ ఎక్కడా చేరలేదు. అందరూ రిటైరయ్యానంటారు, నేనూ సరే అంటాను.

ఇక చర్చి మెట్ల మీద అడిగేవాళ్లకు జవాబు. వెళ్లండి. మంచి పని, తెలివితో చేసే పని. వెళ్లేముందు కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లండి. లేఆఫ్ అనే మాట వానలాగా వచ్చిపడినట్టు చెబుతారు. అది వాన కాదు. ఒక గదిలో కొందరు కూర్చుని, ఒక కాగితం ముందు పెట్టుకుని, గీతలు గీస్తారు. ఆ కాగితం మీలాంటివాళ్లు, నాలాంటివాళ్లు మంచి ఉద్దేశంతో తయారుచేసి ఇచ్చిందే అయి ఉంటుంది. కాబట్టి మనుషుల్ని లెక్కపెట్టే పట్టిక ఏదైనా మీ చేత గీయించబోతే, అది రేపు ఎవరి చేతిలో ఉంటుందో ముందు అడగండి. సగం ఆటను అమ్ముతామంటే అమ్మనివ్వండి, కానీ ఆడేవాళ్లు దాచుకున్నది పోకుండా ఉందో లేదో తేలేదాకా మీ పేరు కింద "సరే" అని రాయకండి. ఎన్నింట్లో ఒకటి అన్నది సగం లెక్కే. ఒక్కో మనిషి ఎన్నిసార్లు దాని కిందికి వస్తాడన్నది మిగతా సగం. నేను ఆ రెండో సగం వేయలేదు. మీరు వేయండి.

మిమ్మల్ని తీసేసే రోజు కూడా రావచ్చు. ఆ రోజు కాగితం చేతికిస్తే, నిలబడి, మొత్తం చదవండి. అందులో అబద్ధం ఉంటే సంతకం పెట్టకండి. గిన్నెలు సర్దుకోవడానికి తొందరేం లేదు, బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి.

యాదగిరికి అయిదో నెలలో ఇంకో స్టూడియోలో పని దొరికింది. పాత కాగితం అడిగారట, చూపించాడట. మొన్న ఫోన్ చేశాడు. అతన్ని లీడ్‌ని చేశారు, కింద నలుగురు.

"అక్కా, ఒక పరేషాన్ వచ్చింది. ఎవలెన్ని బగ్గులు వట్టిండ్రో నెలనెల గోడకు పెట్టాల్నట. మా సారు అడుగుతాండు."

"ఏం జెప్పినవ్?"

"పట్టిక కంటె ముందు మీతోని ఒక ఆట ఆడిపిస్త అన్న. మీ వంటింట్ల చింతగింజలు ఇంకున్నయా?"

డబ్బా అతనికే పంపించాను. తెల్లది అందులోనే ఉంది.